సూయజ్ దాటిన గడ్డి

సముద్ర గర్భంలో నాచు ఉంటుందని అందరికీ తెలిసినదే. వేరు, కాండము, ఆకు, పువ్వు గల మొక్కలు కూడా ఉప్పునీటిలో పచ్చికబయళ్లవలె పరచుకొని ఉంటాయి. వాటినే సముద్రపు గడ్డి అంటారు. అవి ఇసుకను పట్టి నిలుపుతాయి, చేపపిల్లలకు నీడనిస్తాయి, తాబేళ్లకు మేతనిస్తాయి.

ఇట్టి వాటిలో ఒకటి హాలోఫిలా స్టిప్యులేసియా. హాలోఫిలా అనగా లవణప్రియ అని అర్థం. ఎర్ర సముద్రమూ, మన హిందూ మహాసముద్రమూ దీని జన్మస్థానాలు. 1761లో డెన్మార్కు రాజు అరేబియాకు పంపిన పరిశోధక బృందంలోని పీటర్ ఫోర్స్‌కాల్ దీనిని గుర్తించి వర్ణించినాడు. ఆయన 1763లో యెమెన్‌లోనే మరణించగా, సహచరుడు నీబూర్ ఆ గ్రంథాన్ని 1775లో ప్రకటించినాడు.

1869 నవంబరు 17న సూయజ్ కాలువ తెరువబడినది. నౌకలకై త్రవ్విన ఆ దారిన జలచరాలూ, మొక్కలూ ప్రయాణం సాగించినవి. కాలువ నడుమనున్న చేదు సరస్సుల అతిలవణత్వం ఎన్నో జీవులకు అడ్డుగోడ అయినది. లవణప్రియకు మాత్రం అది అడ్డు కాలేదు. 1894 నాటికే అది మధ్యధరా సముద్రంలోని రోడ్స్ ద్వీపం వద్ద కనిపించినది. తరువాత ఒక శతాబ్దం మెల్లగా పడమరకు జరిగి మాల్టా, సిసిలీ తీరాలకు చేరినది.

2002లో ఈ గడ్డి అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల, కరిబియన్‌లోని గ్రెనడా ద్వీపం వద్ద కనబడినది. పడవల వెంట వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. లంగరుకో, చేపల బోనుకో చిక్కిన చిన్న తునక చాలు, పడినచోట వేరూనుతుంది. పట్టుమని ఇరవై ఏళ్లు గడువకముందే అది అనేక ద్వీపాలను ఆక్రమించినది.

అక్కడి పచ్చ తాబేళ్లకు స్థానికమైన తాబేటి గడ్డి ప్రీతికరం. బొనేర్ ద్వీపంలో ఒక విచిత్రం గమనించినారు. తాబేళ్లు తమకు ప్రియమైన గడ్డినే మేయగా ఖాళీ అయిన చోట్లను పరదేశపు గడ్డి కమ్ముకొన్నది. డొమినికా వద్ద సైతం అది స్థానిక జాతులను వెనుకకు నెట్టినది. దాని ఆకులు పొట్టివి. వేళ్లు లోతుకు పోవు. పెద్ద తుపానుకు సులభంగా పెకలి కొట్టుకొనిపోతుంది. అట్లని దానివల్ల అంతా నష్టమే అనరాదు. కొన్నిచోట్ల వట్టి ఇసుకను కప్పి, కొన్ని చేపలకు ఆశ్రయమైనది.

గడ్డికి దురుద్దేశం లేదు. మనిషి తన రాకపోకలకై ద్వారం తెరచినాడు. దాని వెంట మరెవరు నడచివత్తురో యోచించలేదు. వచ్చినదానిని తిరిగి పంపుట నేటికీ ఎవరివల్లా కాలేదు. కాబట్టి ఉన్న స్థానిక పచ్చికను కాపాడుకొనుటయే తీరవాసులకు మిగిలిన మార్గం.