కుటుంబ మధ్యధరా జ్వరం: తీవ్రత, మందుకు లొంగకపోవడం

ఇది తుర్కియే, ఆర్మీనియా, అరబ్ దేశాల ప్రజల్లోను, యూదుల్లోను ఎక్కువగా కనిపించే వంశపారంపర్య వ్యాధి. ఎంఈఎఫ్‌వీ జన్యువులోని లోపాలు దీనికి మూలం. ఆ జన్యువును 1997లో గుర్తించారు. జ్వరం, కడుపునొప్పి, ఛాతీనొప్పి, కీళ్లవాపు దాడుల్లా వచ్చి, ఒకటి నుంచి మూడు రోజులుండి తగ్గిపోతాయి. అపెండిసైటిస్ అనుకుని ఆపరేషన్ దాకా వెళ్లినవారూ ఉన్నారు.

తీవ్రతను కొలిచే అంతర్జాతీయ స్కోరులో 6 లేదా అంతకు మించి వస్తే వ్యాధి తీవ్రమైనట్టే. నొప్పి ఎంతన్నదొక్కటే చూస్తే చాలదు. దాడికీ దాడికీ మధ్య, రోగి హాయిగా తిరుగుతున్నప్పుడు కూడా రక్తంలో వాపును సూచించే ప్రొటీన్లు సీఆర్‌పీ, సీరం అమిలాయిడ్-ఎ ఎక్కువగా ఉంటే మూత్రపిండాల్లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుని వాటిని దెబ్బతీసే ముప్పుంది. అందుకే మూత్రంలో ప్రొటీన్ పరీక్ష తప్పనిసరి. ఎంఈఎఫ్‌వీ జన్యువు రెండు ప్రతుల్లోనూ ఎం694వీ అనే ఉత్పరివర్తన ఉన్నవారిలో వ్యాధి సాధారణంగా ఉధృతం.

1972 నుంచి ప్రధాన ఔషధం కోల్చిసిన్ (మన అడవినాభి దుంపలోనూ ఉండే విషపదార్థమే). తట్టుకోగల గరిష్ఠ మోతాదు వాడుతున్నా నెలకో దాడి వస్తుంటే మందుకు లొంగనట్టు లెక్క. అయితే ఆ ముద్ర వేసేముందు రోగి మాత్రలు రోజూ వేసుకుంటున్నాడా అన్నది తేల్చాలి. చాలా ‘నిరోధకత’ అక్కడే తేలిపోతుంది. నిజంగా లొంగనివారికి వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే అనాకిన్రా, కానాకినుమాబ్ ఇస్తారు. అప్పుడు కూడా కోల్చిసిన్ మానరాదు.