ఎస్తేరుకే సొంతమైన మాటలు

కర్ణాటకలో మా వైపు ఊరు నాగరగెరె పేరులో ఒక చెరువుంది. కన్నడంలో చెరువును కెరె అంటారు. ముందొక మాట చేరేసరికి ఆ కెరె కాస్తా గెరె అయింది. మా వైపు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదువుతారు. అక్కడ ఈ మార్పును ఆదేశ సంధి అంటారు. తెలుగు వ్యాకరణంలో దీనికి దగ్గరిది గసడదవాదేశం. కంప్యూటరుకు ‘కెరె’ అని ఇచ్చి వెతకమంటే నాగరగెరె దొరకదు. హీబ్రూ లేఖనాల్లో ఒక్క గ్రంథానికే సొంతమైన మాటలను ఏరబోయిన పండితులకు ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే.

ఆ ఏరివేత కంప్యూటర్లతో మొదలైంది కాదు. వెయ్యేళ్లకు పైగా కిందటే, గలిలయ సరస్సు ఒడ్డున తిబెరియలో మసోరెతులనే లేఖకులు ప్రతి మాటనూ లెక్కపెట్టారు. ఏదైనా రూపం మరెక్కడా రాకపోతే, అంచున ‘ల’కారానికి సమానమైన లామెద్ అక్షరం ఒక్కటి వేసి వదిలేవారు. అది ‘లేత్’ అన్న మాటకు గుర్తు. ఇంకొకటి లేదని అర్థం. వినడానికి మన ‘లేదు’లాగే ఉంటుంది కానీ రెంటికీ చుట్టరికం లేదు. 1008లో కైరోలో సమూయేలు బెన్ యాకోబు రాసిన ప్రతి ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. దాని అంచుల నిండా ఇలాంటి గుర్తులే. చేతిలో కలం తప్ప ఇంకేమీ లేనివాళ్లు ఇంత లెక్క కట్టారంటే నాకు వాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

1896లో సొలొమోన్ మాండెల్కెర్న్ హీబ్రూ పదసూచిని అచ్చు వేయించాడు. ఏ మాట ఎక్కడెక్కడ వస్తుందో అందులో చూసుకోవచ్చు. 1957లో జాన్ ఎల్లిసన్ యూనివాక్ యంత్రం సాయంతో ఇంగ్లీషు బైబిలుకు పదసూచి తెచ్చాడు. హీబ్రూ మూలం మాత్రం అంత తేలిగ్గా యంత్రానికి లొంగలేదు. ‘మరియు’, ‘లో’, ‘కు’ లాంటివి హీబ్రూలో మాటకు ముందు అతుక్కుపోతాయి. మనం ఊరికి, ఊళ్లో, ఊరినుంచి అన్నా లోపలున్నది ఒకటే ఊరని మనకు తెలుసు. యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ చెప్పే పనిని ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రయె విశ్వవిద్యాలయంలో ఎప్ తాల్‌స్ట్రా 1977లో మొదలుపెట్టాడు. అతుకులన్నీ విడదీస్తే మొత్తం సుమారు 4,26,000 ముక్కలు తేలాయి. ఒక్కో ముక్కకూ దాని మూలపదం, వ్యాకరణం రాసిపెట్టారు. మూలపదాలు 9,000 పైచిలుకు. ఏళ్ల తరబడి సాగిన ఓపిక అది. తర్వాత డిర్క్ రోర్డా రాసిన టెక్స్ట్-ఫాబ్రిక్ అనే పైథాన్ ఉపకరణంతో ఆ సరుకంతా ఎవరి కంప్యూటరులోకైనా వచ్చేసింది.

ఇక మిగిలింది చిన్న తీసివేత. ఆ లేఖనాల్లో ఒకటైన ఎస్తేరు గ్రంథాన్నే తీసుకుందాం. పది అధ్యాయాలు, 167 వచనాలు. అందులోని మూలపదాల జాబితాలోంచి మిగతా గ్రంథాల్లో కూడా ఉన్నవాటిని తీసేయాలి. క్షణంలో జవాబు వస్తుంది.

వచ్చిన జాబితా చూస్తే మొదట నిరాశ కలుగుతుంది. నిండా పేర్లే. ఆ కథలో ప్రతినాయకుడైన హామాను పదిమంది కొడుకులూ వరసగా నిలబడి ఉంటారు. పేర్లను తీసేస్తే అసలు మాటలు బయటపడతాయి. ‘కెతెర్’ అంటే కిరీటం. మూడుసార్లు వస్తుంది, మూడూ ఎస్తేరులోనే. ‘పూర్’ అంటే చీటి. పూరీము పండుగకు పేరు వచ్చింది దీన్నుంచే. ‘కర్పస్’ ఒక్కసారే వస్తుంది, మొదటి అధ్యాయం ఆరో వచనంలో, శూషను కోటలో విందుకు కట్టిన తెరల వర్ణనలో. ఇది సంస్కృత కార్పాసమే. మన పత్తి! పారసీకుల మీదుగా హీబ్రూలోకి చేరింది. లేఖనాలన్నిటిలో ఇంకెక్కడా కనిపించని మాట మనకు చిరపరిచితం. పేర్లతోపాటు తీసేసినవాటిలో ‘హొద్దు’ కూడా ఉంది. హిందూదేశానికి అది హీబ్రూ పేరు, అదీ ఎస్తేరులోనే, రెండుసార్లు. అందుకే పేర్లను కళ్లు మూసుకుని పారేయకూడదంటాను.

‘పత్‌షెగెన్’ సంగతి ఇంకా ముఖ్యం. నకలు ప్రతి అని అర్థం. యంత్రం దీన్ని ఎస్తేరు సొత్తుగా చూపిస్తుంది. కానీ ఎజ్రా గ్రంథంలో ‘పర్‌షెగెన్’ ఉంది. ఒక్క అక్షరం తేడా, పారసీకం నుంచి వచ్చిన మాట మాత్రం ఒకటే. కెరె, గెరె లాగా. దాన్ని ఎస్తేరు ఖాతాలో వేయాలా, వద్దా? నా లెక్కలో వద్దు. ఇలాంటిది మాట చరిత్ర తెలిసిన మనిషే తేల్చాలి, యంత్రం తేల్చలేదు.

ఇలాంటి పని తెలుగులోనూ చేయొచ్చు. నన్నయకు పదప్రయోగ కోశం ఉంది, అన్నమయ్యకు పదకోశం ఉంది. చింతామణి తాలూకా కైవారంలో తాతయ్యగా పేరుపడ్డ నారేయణ యోగి తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు. ఆయన కీర్తనల్లో, కాలజ్ఞానంలో మరెవరూ వాడని మాటలు ఏవో, అందులో కన్నడం నుంచి వచ్చినవి ఎన్నో తెలుసుకోవాలని నా కోరిక. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మూలాన్ని తప్పుల్లేకుండా టైపు చేసి, ప్రతి మాటకూ మూలపదం రాసిపెట్టేవాళ్లు కావాలి. బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు కాలేజీల్లో రెండు భాషలూ వచ్చిన పిల్లలున్నారు. ఉపాధ్యాయులారా, వాళ్ల చేత ఒక్క కీర్తనతో మొదలుపెట్టించండి.