తెగని పట్టీ, నలిగిన కడుపు

సీటు బెల్టు చరిత్ర రాసేవారు 1959 దగ్గర మొదలుపెట్టి దాదాపు అక్కడే ముగిస్తారు. వోల్వో ఇంజినీరు నీల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించే బెల్టు తయారుచేశాడు, కంపెనీ దాన్ని అందరినీ వాడుకోనిచ్చింది, లక్షల ప్రాణాలు నిలిచాయి. ఇందులో అబద్ధం లేదు. అయితే ఆ బెల్టు మేలు చేస్తుందని ఎలా తేలిందో ఇందులో లేదు. నాకు అసలు చరిత్ర అదే అనిపిస్తుంది.

1885లో అమెరికాలో ఎడ్వర్డ్ క్లాఘార్న్‌కు రక్షణ పట్టీపై వచ్చిన పేటెంటు, తొలి విమానాల నడుము పట్టీలు అందరికీ తెలిసినవే. తర్వాతి ఘట్టంగా అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ పాల్ స్టాప్ పేరు చెబుతారు. 1954 డిసెంబరు 10న న్యూమెక్సికోలోని హాలోమన్ స్థావరంలో ఆయన కూర్చున్న రాకెట్ బండి గంటకు సుమారు 1,017 కిలోమీటర్ల వేగం నుంచి 1.4 సెకన్లలో ఆగింది. సొంత బరువుకు 46 రెట్ల బలాన్ని ఆయన తట్టుకున్నాడు. అది మహా సాహసం. కానీ కారు బెల్టుకు అదే రుజువు అనడం సరికాదు. ఆయన భుజాలనూ ఛాతీనీ నడుమునూ పట్టీలతో గట్టిగా కట్టేశారు. చక్కగా పట్టి ఉంచితే శరీరం ఎంత ఓర్చుకోగలదో ఆ ప్రయోగం చూపింది. ఆనాటి అమెరికన్ కార్లలో పట్టీ అంటూ ఉంటే అది నడుము పట్టీ ఒక్కటే.

ఆ పట్టీ గురించి కీలకమైన సాక్ష్యం ప్రయోగశాల నుంచి కాక ప్రమాద నివేదికల నుంచి వచ్చింది. 1917లో శిక్షణ విమానం కూలినప్పుడు తన పొట్టలో అయిన గాయాలకు బెల్టు బకిలే కారణమని హ్యూ డీహేవెన్ భావించాడు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ప్రమాద గాయాల అధ్యయనానికి బాట వేసింది ఆయనే. ఆ పరంపరలోనే పరిశోధకులు గారెట్, బ్రౌన్‌స్టీన్ 1962లో ‘సీట్ బెల్ట్ సిండ్రోమ్’ను వర్ణించారు. పట్టీ తెగదు, మనిషి బయటికి ఎగిరిపడడు, కానీ పొత్తికడుపులో పేగులు చితుకుతాయి, వెన్ను దెబ్బతింటుంది. వాళ్లు బెల్టుకు వ్యతిరేకులు కారు. పట్టీ ఎంత బలమైనదన్న ప్రశ్న చాలదని, ఆ బలం ఒంట్లో ఎక్కడ పడుతోందో కూడా చూడాలని వాళ్ల పని తేల్చింది.

తన మూడు చోట్ల బిగించే బెల్టు మేలు చేస్తుందని 1967లో బోలిన్ 28,000 ప్రమాదాలను లెక్కగట్టి చూపాడు. అవి తన కంపెనీ కార్లవే, బెల్టు పెట్టుకునేవారు సహజంగానే జాగ్రత్తపరులై ఉండవచ్చు. ఈ రెండు మినహాయింపులూ ఇచ్చాక కూడా ఆ అధ్యయనం బరువైనదే. మూడేళ్లకు, 1970 చివర్లో, ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం బెల్టు ధరించడాన్ని చట్టంతో తప్పనిసరి చేసింది.

అయినా గారెట్, బ్రౌన్‌స్టీన్ చూపిన దారిలో పరీక్షలు పూర్తిగా నడవలేదు. సీటు బెల్టులపై ఐక్యరాజ్యసమితి 16వ నిబంధన ప్రకారం, మనిషికి బదులు బొమ్మను కూర్చోబెట్టి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో స్లెడ్ (జారుడు బండి) పరీక్ష చేస్తారు. బొమ్మ నడుము 80 నుంచి 200 మిల్లీమీటర్లు, ఛాతీ 100 నుంచి 300 మిల్లీమీటర్లు ముందుకు జరగవచ్చు. ప్రధానంగా చూసేది ఈ కదలికనే, కడుపు మీద పడే ఒత్తిడిని కాదు. ఆ బొమ్మ కూడా సగటు మగవాడి కొలతలకు దగ్గరిది. అమెరికా ప్రమాదాలపై 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో, బెల్టు పెట్టుకున్న మహిళా డ్రైవర్లకు తీవ్ర గాయాలయ్యే అవకాశం అటువంటి మగ డ్రైవర్లకంటే 47 శాతం ఎక్కువని తేలింది. చిన్న సైజు ఆడ బొమ్మలను కొన్ని పరీక్షల్లో వాడుతున్నారు, కానీ అవి సగటు స్త్రీకి ప్రతినిధులు కావు. స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం 162 సెంటీమీటర్లు, 62 కిలోల సగటు స్త్రీ బొమ్మను 2022లో చూపింది. అది కూడా వెనుక నుంచి తక్కువ వేగంతో గుద్దే ప్రమాదాల కోసం చేసినదే.