నీటిరంగు, కుట్టుపని కలిసిన చిత్రకళ

పట్టుబట్ట మీదో కాగితం మీదో నీటిరంగులతో బొమ్మ వేసి, అదే బొమ్మలో కొంత భాగాన్ని సూదీ దారంతో పూర్తిచేసే పద్ధతి ఇది. నేటి కళాశాలల్లో దీన్ని మిశ్రమ మాధ్యమం అన్న పేరు కింద నేర్పుతారు. ఆ మాధ్యమ చరిత్రను 1912 దగ్గర, అంటే పికాసో ఒక చిత్రానికి నూనెగుడ్డ అతికించి చుట్టూ తాడు బిగించిన ఏడాది దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ. అయితే కుంచె, సూది ఒకే బొమ్మ మీద పనిచేసిన ఆధారాలు అంతకు దాదాపు మూడు వందల ఏళ్ళ ముందునుంచే ఉన్నాయి. వాటిని వరుసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది: ఈ రెండు పనులూ మొదట ఒకే బల్ల మీద సాగాయి. వాటిని విడదీసింది ప్రదర్శనశాలల నిబంధనలు.

చైనాలో మింగ్ రాజుల కాలంలో షాంఘైలోని గూ కుటుంబపు స్త్రీలు పట్టుదారాన్ని వెంట్రుక కన్నా సన్నగా చీల్చి కుట్టేవారు. దారం చేరలేని లేత ఛాయలను కుంచెతో అద్దేవారు. ఆ ఇంటి కోడలు హాన్ షీమెంగ్ పూర్వ చిత్రకారుల రచనలను అనుసరించి కుట్టిన 1634 నాటి ఎనిమిది పలకల సంపుటి ఇప్పుడు బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలో ఉంది. ఆ కాలపు పెద్ద చిత్రకారుడు, విమర్శకుడు దోంగ్ చీచాంగ్ దానికి ప్రశంసావాక్యాలు రాశాడు. చిత్రలేఖనాన్ని కొలిచే కొలతతోనే కుట్టును కూడా కొలవడం అక్కడి పండితులకు వింతగా తోచలేదన్నమాట.

ఈ కలయిక బాగా విస్తరించింది మాత్రం 18వ శతాబ్ది చివర ఇంగ్లండులో, అమెరికాలో. 1781లో లండన్‌లో రీవ్స్ సోదరులు తయారుచేసిన నీటిరంగు బిళ్ళలకు ఒక కళాసంఘం బహుమతి ఇచ్చింది. రంగు నూరుకునే శ్రమ తప్పడంతో నీటిరంగుల పెట్టె ఇంట్లో కుట్టుపెట్టె పక్కకు చేరింది. ఆడపిల్లల బడుల్లో రెండూ నేర్పేవారు. 1799 డిసెంబరులో జార్జ్ వాషింగ్టన్ చనిపోయాక అమెరికాలో సంతాపచిత్రాలకు గిరాకీ పెరిగింది. సమాధిమీది కలశం, దాని మీదికి వాలిన విల్లో చెట్టు, తల వంచి నిలబడ్డ స్త్రీ వీటిలో మళ్ళీమళ్ళీ కనిపిస్తాయి. అలాంటి ఒక చిత్రాన్ని దగ్గరగా చూస్తే పని ఎలా పంచుకున్నారో తెలుస్తుంది. చెట్టు ఆకులకు ముడికుట్టు, నేలమీది గడ్డికి నూగుదారం, చీలమండల దాకా జారే గౌనుకు మడత వాలును అనుసరించే పొడుగు కుట్లు. ముఖం, చేతులు, ఆకాశం మాత్రం నీటిరంగు. పక్కకు జరిగి చూస్తే పట్టుదారం మీద వెలుగు కదులుతుంది, గౌను మెరుస్తుంది, ముఖం మాత్రం చలించదు. దుఃఖాన్ని చూపడానికి ఇంతకన్నా తగిన ఉపాయం దొరకడం కష్టం.

కుంచె వాడింది శ్రమ తగ్గించుకోవడానికేనని, కాబట్టి ఇది కుట్టుపనికి చవక నకలని ఒక అభ్యంతరం ఉంది. ఆకాశం సంగతిలో అందులో కొంత నిజముంది. అరచేతులంత ఖాళీని దారంతో నింపడానికి వారాలు పడుతుంది. ముఖానికి మాత్రం ఆ వాదన అతకదు. బొటనవేలి గోరంత ముఖాన్ని రంగుతో వేస్తే మిగిలే శ్రమ అతి స్వల్పం, కావలసిన నేర్పు అత్యధికం. ఫిలడెల్ఫియాలో సామ్యూల్ ఫోల్వెల్ అనే చిత్రకారుడు పట్టు మీద గీతలు గీసి, ముఖాలకు రంగు వేసేవాడు. ఆయన భార్య ఎలిజబెత్ నడిపిన బడిలో పిల్లలు మిగిలినది కుట్టేవారు. అతి చిన్న భాగానికి చేయి తిరిగిన కుంచెను పిలవడం పొదుపు కాదు, ఏ పనికి ఏది తగునో తెలిసి చేసిన ఎంపిక. తర్వాతివాళ్ళు ఈ చిత్రాలను తక్కువగా చూడటానికి మరో కారణం కాలమే. వెలుతురుకు నీటిరంగు వెలిసి, ఆకాశం పోయి, కుట్టిన ఆకారాలు గోధుమవన్నె పట్టు మీద ఒంటరిగా మిగిలాయి. సగం చెరిగిన బొమ్మను చూసి అసలు నేర్పే లేదనడం న్యాయం కాదు.

విభజన ఎక్కడ జరిగిందో స్పష్టంగా చెప్పవచ్చు. 1768లో ఏర్పడిన లండన్ రాయల్ అకాడమీ తొలి ఏళ్ళలోనే సూదిపనిని, కాగితపు కత్తిరింపులను, గవ్వలపనిని ప్రదర్శనలకు రానివ్వకూడదని నిబంధన పెట్టింది. తైలవర్ణాలకే అగ్రపీఠం వేసే ఆ చోట నీటిరంగుకూ పెద్ద గౌరవం దక్కలేదు. అయితే నీటిరంగు చిత్రకారులు 1804లో సొంత సంఘం పెట్టుకుని విడిగా ప్రదర్శనలు జరిపి నిలబడ్డారు. సూదికి అలాంటి సంఘం లేదు. ఉన్నితో తైలవర్ణ చిత్రాల ప్రతులు కుట్టి లండన్ లీస్టర్ స్క్వేర్‌లో ఏళ్ళ తరబడి జనాన్ని రప్పించిన మేరీ లిన్‌వుడ్ కీర్తి కూడా ఆమెతోనే పోయింది. 1845లో ఆమె మరణం తర్వాత వేలంలో ఆ పనులకు రావలసిన ధర రాలేదు. ఈలోగా బెర్లిన్ నుంచి గళ్ళకాగితం నమూనాలు వచ్చిపడ్డాయి. వాటికి చేత్తోనే నీటిరంగు వేసేవారు కానీ, ఆ రంగు బట్ట మీదికి రాదు. గడి చూసి ఉన్నిదారం కుట్టడమే మిగిలింది.

20వ శతాబ్దిలో కళాకారులు కాగితాన్ని కుట్టడం మొదలుపెట్టాక ఈ జోడీ మళ్ళీ కలిసింది. రోజికా పార్కర్ 1984లో వెలువరించిన పుస్తకం కుట్టుపనిని స్త్రీల చరిత్రలో భాగంగా చదవడం నేర్పి, ఆ పనికి పోయిన గౌరవాన్ని తిరిగి అడిగింది. పాత పట్టుచిత్రాలకూ నేటి పనులకూ పోలికే లేదని, అవి అతుకును దాచితే ఇవి చూపిస్తాయని మరో అభ్యంతరం. తేడా ఉన్నమాట నిజమే. అయినా పదార్థాల లెక్క మారలేదు. నీటిరంగు పాకకుండా ఆనాడు పట్టుకు జిగురు పట్టించేవారు. నేటి నీటిరంగు కాగితానికీ ఆ జిగురుపూతే రక్ష. సూది గుచ్చిన చోట పూత తెగుతుంది, అక్కడ తడి తగిలితే రంగు లోపలికి ఇంకి ముదురు చుక్క పడుతుంది. దారం నీటిని పీల్చి, రంగును తన వెంట కొంతదూరం లాక్కుపోతుంది. కుట్లు మరీ దగ్గరైతే కాగితం తపాలాబిళ్ళల అంచులా చిరుగుతుంది. అందుకని మందపాటి నూలుకాగితానికి ముందే బెజ్జాలు వేసి, ఎడంగా కుడతారు. శుభ్రమైన గీత కావలసినవారు రంగు వేసి ఆరాక సూది పడతారు. ఆ చుక్కలే కావాలనుకున్నవారు ముందు కుట్టి, తర్వాత తడుపుతారు.