తెలుగు సాహిత్యమున ప్రణయ చిత్రణము

స్త్రీపురుషుల పరస్పరానురాగమునకు రతిని స్థాయిభావముగా చెప్పి, దానినుండి నిష్పన్నమగు శృంగారమును సంభోగము, విప్రలంభము అని మన ఆలంకారికులు రెండుగా విభజించిరి. తెలుగు కవుల ప్రతిభ విశేషముగా వెలిగినది విప్రలంభమునందే. అందును వలపును నోరువిప్పి చెప్పు భారము తరచుగా నాయికపై నుంచుట మన వాఙ్మయమునకు ప్రధానలక్షణము.

ఈ లక్షణమునకు పునాది తెలుగు కావ్యములకంటె ప్రాచీనమైనది. శాతవాహన ప్రభువైన హాలుని పేర వెలసిన ప్రాకృత గాథాసప్తశతిలో గోదావరీతీరపు పల్లెపడుచులు తమ మనసులోని మాటను దాచుకొనరు. నన్నయ ఆరణ్యపర్వములో నలోపాఖ్యానమును తెనిగించెను. శ్రీనాథుడు శ్రీహర్షుని కావ్యమును శృంగారనైషధముగా ఆంధ్రీకరించెను. దిక్పాలకుల దూతగా తన ఎదుట నిలిచిన నలునితోనే, దేవతలను కాదని నిన్నే వరింతునని దమయంతి పలుకు ఘట్టము రెండింటికిని ప్రాణము.

అయినను ప్రణయవేదనను శిఖరమున నిలిపినవాడు అల్లసాని పెద్దన. మనుచరిత్రమున పాదలేపమహిమచే హిమాలయమునకు చేరి, ఆ లేపము మంచునీట కరగిపోగా దారి తోచక తిరుగుచున్న ప్రవరుడను బ్రాహ్మణుని చూచి వరూధిని యను అప్సరస మోహించును. వేడును, వాదించును, కన్నీరు పెట్టును. అతడు మాత్రము అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరును. పిమ్మట ప్రవరుని రూపు దాల్చిన గంధర్వునివలన ఆమె స్వరోచిని కనును. అతని కుమారుడే కావ్యము పేరునకు కారణమైన మనువు. కథ ముందుకు సాగుటకు మాయాప్రవరుడు అవసరమే, కాని పాఠకుని హృదయము నిజమైన ప్రవరుడు విడిచిపోయిన కొండచరియలయందే నిలిచిపోవును. ప్రబంధములలో చంద్రోపాలంభము, శిశిరోపచారములు ఆనవాయితీగా మారి పలుచోట్ల విసుగు పుట్టించుట వాస్తవమే. వరూధిని దుఃఖమున ఆ విసుగు లేదు.

పదునేడవ శతాబ్దమున క్షేత్రయ్య మువ్వగోపాలుని నాయకునిగా నిలిపి, స్త్రీ కంఠముతో అలిగి, నిందించి, మన్నించు పదములను రచించెను. వాటిని అభినయించి నిలబెట్టినవారు నర్తకీమణులు. ఆ వర్గమునుండియే తంజావూరి కవయిత్రి ముద్దుపళని వచ్చి, పదునెనిమిదవ శతాబ్దమున రాధికాసాంత్వనమును స్వయముగా వ్రాసెను. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పరిష్కరించి ప్రకటింపగా, అశ్లీలమను నెపమున ప్రభుత్వము నిషేధించెను. పురుషుడు వ్రాసినపుడు రసమనిపించుకొన్నది స్త్రీ వ్రాసినపుడు దోషమగుట విచారకరము.

ఆధునికయుగమున రాయప్రోలు సుబ్బారావు అమలినశృంగారమును ప్రతిపాదించి దేహవాంఛను తొలగించెను; కృష్ణశాస్త్రి కృష్ణపక్షమున విరహము కవి సొంత ఆర్తిగా మారెను. నండూరి సుబ్బారావు ఎంకిపాటలు పల్లెవాడుకలోని మాటలతో, దూతికలు లేని, ఉపచారములు లేని వలపును పాడినవి. ప్రియుడైన నాయుడుబావకు ఎంకి సరిజోడు, ఆరాధ్యదేవత కాదు.

చలము 1927లో వెలువరించిన మైదానమున రాజేశ్వరి ప్లీడరైన భర్తను విడిచి అమీరుతో వెడలిపోవును. ఆ నవలపై ఆగ్రహించినవారిలో వరూధినిని తన్మయతతో చదివినవారు లేకపోలేదు. అప్సరసయందు రసవంతమని మెచ్చుకొన్న తెగువను గృహిణియందు సహింపకపోవుట సాహిత్యవిమర్శ కాదు, లోకాచారభీతి మాత్రమే.