మట్టిదారిలో యెజ్డీ

మా మదనపల్లె పక్క చాలా ఊళ్లకు తారురోడ్డు కంటే ముందొచ్చింది యెజ్డీ బండే. దూరం నుంచి కూడా కాదు, మైసూరు నుంచి. చెకోస్లొవేకియా జావా బండ్లను ఐడియల్ జావా కంపెనీ 1961లో అక్కడ తయారుచేయడం మొదలుపెట్టింది. తర్వాత పేరు యెజ్డీ అయింది, 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. రాళ్లూ ఇసుకా ఉన్న బాటల్లో పాలక్యాన్లు, టమాట గంపలు మోసింది ఈ 250 సీసీ టూస్ట్రోక్ బండ్లే.

దాని కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు. స్టార్టయ్యాక ముందుకు తిప్పితే గేరు. పాదంతో గేరు నొక్కగానే క్లచ్ తనంతట తానే విడుతుంది. వంకలో ఇసుక దాటేటప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీదే గట్టిగా ఉంచడానికి ఇంతకన్నా మేలైన ఏర్పాటు నేను చూడలేదు.

హార్స్‌లీ కొండ ఎక్కడం దానికి లెక్కే కాదు. దిగడమే కష్టం. ఆయిల్ పెట్రోల్లోనే కలిసి ఉంటుంది కాబట్టి యాక్సిలరేటర్ మూసేస్తే పిస్టన్‌కు నూనె అందదు. ఇంజన్ పట్టి ఆపే బలమూ తక్కువ, భారమంతా బ్రేకుల మీదే. మా మెకానిక్ పెద్దాయన ప్రతిసారీ చెప్పేవాడు: "మలుపు మలుపుకీ కొంచెం రేస్ ఇస్తా దిగు నాయినా, లేకుంటే సీజైపోతాది."

1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. సగం కాలిన పెట్రోలూ నూనే పొగగా వదిలే ఇంజన్లకు కాలుష్య నిబంధనలు దారి మూశాయి, అది న్యాయమే. 2022లో యెజ్డీ పేరు తిరిగొచ్చింది, ఫోర్‌స్ట్రోక్ ఇంజన్‌తో.