బుడగలో పయనించు టార్పెడో

నల్లమాడ ప్రాంతమున వేసవి ముదిరి బావిలో నీరు అడుగంటినపుడు, గట్టుమీది పంపు గులకరాళ్ళు నమలినట్లు చప్పుడు చేయుట రైతులెరిగినదే. మిక్కిలి లోతునుండి నీటిని పీల్చవలసి వచ్చుటచే పంపులో ఒత్తిడి తగ్గును. ఒత్తిడి బాగుగా తగ్గినచో, కాచకపోయినను నీరు ఆవిరిబుడగలగును. ఆ బుడగలు చితుకునపుడు పంపు రెక్కల లోహమును కొరికివేయును. ఇంజనీర్లు దీనిని కేవిటేషన్ అందురు. సముద్రమునకు దూరముగా నున్న మనమెరిగిన ఈ బుడగయే నౌకాయుద్ధ చరిత్రలో ఒక విచిత్రమైన ఆయుధమునకు మూలమైనది.

మొదట అది నావికులకు శత్రువు. 1894లో ఇంగ్లండున చార్లెస్ పార్సన్స్ తన ‘టర్బీనియా’ నౌకకు ఆవిరి టర్బైనును అమర్చెను. ప్రొపెల్లరు అతివేగముగా తిరిగి, బుడగలలో చిక్కి, నౌకను చాలినంతగా నెట్టజాలకపోయెను. ఆయన ఒక చిన్న తొట్టిలో ఆ బుడగలను పరిశీలించి, మూడు ఇరుసులపై తొమ్మిది ప్రొపెల్లర్లను బిగించెను. 1897లో ఆ నౌక 34 నాట్ల వేగమును మించెను. ఒక నాట్ అనగా గంటకు 1.85 కిలోమీటర్లు.

టార్పెడోలకును నీరే పెద్ద అడ్డంకి. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. 1866లో రాబర్ట్ వైట్‌హెడ్ నిర్మించిన టార్పెడో ఆరేడు నాట్లు మాత్రమే పోగలిగెను. దాదాపు నూరేండ్ల తరువాత, 1960వ దశకమున, సోవియట్ శాస్త్రజ్ఞులు ఈ బుడగనే సాధనముగా చేసికొనిరి. వారి ‘ష్క్వాల్’ 1977లో నౌకాదళమున చేరెను. దాని ముక్కుపైనున్న బిళ్ళ నీటిని పక్కలకు చీల్చును. అచటినుండి వెలువడు వాయువు బుడగను పెంచి ఆయుధమునంతటిని కప్పును. వెనుకనుండి రాకెట్టు నెట్టును. వేగము సుమారు 200 నాట్లు, అనగా గంటకు 370 కిలోమీటర్లు.

అయితే ఈ వేగమునకు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. సముద్రగర్భమున టార్పెడోకు కన్నుకంటె చెవి ముఖ్యము. అది ధ్వనినిబట్టియే శత్రువును వెదకును. ముక్కు తప్ప దేహమంతయు వాయువులో నుండి, రాకెట్టు హోరెత్తుచుండగా, ఆ చెవి పనిచేయదు. మలుపు తిరుగబోయినచో దేహము బుడగ గోడను తాకును. లోతు పెరిగిన కొలది నీటి ఒత్తిడికి బుడగ కుంచించుకొనిపోవును. రాకెట్టు ఇంధనము త్వరగా తరిగిపోవుటచే తొలి రకము పోగలిగిన దూరము పది కిలోమీటర్లకు లోపే. పైగా హోరును బుడగల చారయు ప్రయోగించిన జలాంతర్గామి జాడను తెలుపును. గురి తప్పినను నష్టము కలిగించుటకై మొదట దీనికి అణుబాంబును ఉద్దేశించిరని చెప్పుదురు. 2005లో జర్మనులు ‘బారకూడా’ అను నమూనాను చూపి, మలుపు తిరుగు సమస్యను సాధింప యత్నించిరి.

మన విశాఖపట్టణమున 1969లో నెలకొన్న నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ వేరొక మార్గమున నడచినది. అచట రూపొందిన ‘వరుణాస్త్రము’ 2016లో భారత నౌకాదళమునకు అందినది. విద్యుత్తుతో నడచు దాని వేగము 40 నాట్లు. ష్క్వాల్ డెబ్బది సెకండ్లలో దాటు ఏడు కిలోమీటర్లకు దీనికి ఆరు నిమిషములు పట్టును. ఆలోపల శత్రునౌక పారిపోజూచినను, వరుణాస్త్రము విని, మలుపు తిరిగి, వెంటాడగలదు.

మెరుపుదెబ్బకు బుడగ ఉపకరించును. కాని లక్ష్యమును గుర్తింపలేని ఆయుధమును ఒకసారి వదలిన పిమ్మట దాని తప్పును సరిదిద్దుటకు మార్గము లేదు. ఓడలలో నున్నవారు మనుష్యులు గనుక, ఎంత త్వరగా తాకుననుటతోపాటు దేనిని తాకుననునదియు విచారింపవలసియున్నది.